పొట్టి బల్ల జాయింటర్

మెషిన్ల దుకాణంలో బావ రెండు రకాల జాయింటర్ల మధ్య నిలబడ్డాడు. చెక్కను బల్ల మీద తోస్తే వంకర తీసి అంచు సాపు చేసే యంత్రాలవి. పక్కనున్న బావమరిది వడ్రంగి. బావ తన ఇంటి షెడ్డులో పెడతానన్న పనిని నమ్ముకుని అతడు మొన్ననే కొలువు మానేశాడు.

“పొడుగు బల్లదే తీసుకో బావా. పొట్టిదాని మీద తలుపు చెక్క నిలవదు, అంచు వంకర పోతుంది.”

“తలుపులెవరు చేస్తారు?”

“మనమే కదా!”

“మనమెవరం? నాకు స్టూళ్లు, బొమ్మలు చేసుకునే సరదా. దానికి పొట్టిది చాలదూ?”

“తలుపుల పని నువ్వు చూసుకో అన్నావుగా బావా. అది నమ్మే కొలువు వదిలేశాను.”

“మాటవరసకి అన్నదానికి కొలువు వదిలేస్తారా ఎవరైనా? మీ అక్క ముందే చెప్పింది, వాడికి ఆశ పెట్టకండి, జిడ్డులా పట్టుకుంటాడని.”

“అక్కే అందా?”

“కాకపోతే నేను కల్పించానా? సర్లే, మొహం వేలాడేయకు. ఈ పొట్టివాటిలో మంచిదేదో చూసిపెట్టు.”

అతడు ఒక్కో బల్ల మీద ఇనుప స్కేలు నిలబెట్టి, వంగి, కింద వెలుతురు దూరుతోందేమోనని చూశాడు. చివరిదాని దగ్గర ఆగాడు.

“ఇది సమంగా ఉంది బావా.”

“చూశావా! ఎందుకూ పనికిరావంటుంది మీ అక్క. ఊఁ, ఆ చివర పట్టు, బండెక్కిద్దాం.”