టేబులు కింద ఊడదీసిన తీగ

భయాన్ని పాఠంగా చెప్పవచ్చా అని ఈ రైల్వే ట్రైనింగు స్కూల్లో చేరిన కొత్తల్లో నాకొక ప్రశ్న పుట్టింది. చెప్పవచ్చు సరే, చెప్పాక మళ్ళీ వెనక్కి తీసుకోవడం ఎవరికైనా చేతనవుతుందా అని దానికి తర్వాత తోక కూడా మొలిచింది. ఇన్నేళ్ళూ మోసిన ఆ ప్రశ్నతోనే మైకు ముందుకొచ్చాను. అందువల్ల మర్యాదలు కాస్త ఆలస్యమయ్యాయి. సభ నడుపుతున్న ప్రిన్సిపాల్‌గారు, పెద్దాఫీసు నుంచి తీరిక చేసుకొని వచ్చిన అతిథిగారు, ముందు వరుసల్లోని పెద్దలు, తలుపుకి దగ్గరగా చోటు చూసుకున్న మా సిగ్నల్ ట్రైనీలు మన్నించాలి. అందరికీ నమస్కారం. ఇవాళ రిటైరవుతున్న మాస్టారూ, మీకు విడిగా. మీ పక్కనున్న అక్కయ్యగారికి ఇంకా విడిగా, ఎందుకంటే ఇన్నేళ్ళూ మీ ప్యాంటు మోకాళ్ళకు పట్టిన దుమ్ము ఉతికింది ఆవిడే. (నవ్వులు)

అతిథిగారికి తెలియదు కనుక ఆ దుమ్ము సంగతి చెప్పాలి. మా స్కూలు మేడ మీద పొడుగాటి గదొకటి ఉంది. గది పొడవునా ప్లైవుడ్ టేబులు, దాని మీద బొమ్మ పట్టాలు, బొమ్మ స్టేషను, అరచేతిలో పట్టే ఇంజన్లు. కొత్తగా చూసినవాళ్ళు 'పిల్లల కోసమా?' అంటారు. కాదండీ, రేపు నిజం రైళ్ళకు దారి ఇవ్వబోయేవాళ్ళ కోసం. పట్టా రెండుగా చీలే చోట పాయింటు ఉంటుంది. అక్కడి సన్నటి నాలుక ఇటు ఆనితే రైలు తిన్నగా పోతుంది, అటు ఆనితే పక్క లైనుకి మళ్ళుతుంది. దాన్ని లాగడానికి టేబులు కింద ప్రతి పాయింటుకీ రెండు కాయిల్స్. పానెల్ మీద బటన్ నొక్కి వదిలితే టక్కుమని నాలుక జరుగుతుంది. వదలకుండా నొక్కి పట్టుకుంటే కాయిల్ మాడి గదంతా కమురు వాసన. తిన్నగా పోవడానికి ఎర్ర తీగ, మళ్ళడానికి ఆకుపచ్చ, కరెంటు తిరిగి రావడానికి నల్లది. ఆ కిందనున్న తీగల అడవి మొత్తం మాస్టారు వెల్లకిలా పడుకొని తన చేత్తో వేసిందే.

అందులో ఆయనొక పని చేశారు. పానెల్ మీది దీపాన్ని పాయింటుకి కలపకుండా బటన్‌కి కలిపారు. నొక్కితే చాలు దీపం వెలుగుతుంది, నాలుక కదిలిందా లేదా దానికి అక్కర్లేదు. స్టేషన్లలో సిగ్నళ్ళు నడిపే నిజం కేబిన్లలో అలా ఉండదు, నాలుక ఆనితేనే దీపం. 'మరి ఇక్కడెందుకు మాస్టారూ ఈ అబద్ధం?' అని అడిగాను. 'దీపం విన్నానంటుందమ్మా. చేశానందా?' అన్నారు.

అక్కడితో ఆగలేదు. రోజూ క్లాసుకి ముందు తలుపేసుకొని, టేబులు కిందికి దూరి, ఏదో ఒక పాయింటు తీగ ఊడదీసేవారు. ఏ పాయింటుదో చెప్పేవారు కాదు. ట్రైనీ బటన్ నొక్కాలి, వెలిగిన దీపాన్ని నమ్మకుండా వంగి నాలుకను చూడాలి, చూశాకే ఇంజన్ వదలాలి. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన 'నేనూ నడుపుతానయ్యా' అని సరదా పడ్డారు. నొక్కారు, దీపం వెలిగింది, మురిసిపోయి ఇంజన్ వదిలారు. అది పక్క లైనుకి మళ్ళకుండా తిన్నగా పోయి, ఆగి ఉన్న పెట్టెలను గుద్ది, ఎగిరి ఆయన టీ కప్పులో పడింది. (నవ్వులు) అతిథిగారూ, మీ కప్పు కాస్త ఇవతల పెట్టుకోండి. ఆ రోజు మేమూ ఇలాగే నవ్వాం. మాస్టారు మాత్రం నవ్వలేదు. 'ఆ పెట్టెల్లో ఎంతమంది కూర్చుని ఉన్నారనుకున్నారు సార్?' అని అడిగారు. ఆ గొంతు విన్నాక నాకు నా టీ సయించలేదు.

మా అమ్మాయి కూడా ఆయన శిష్యురాలే. అదుగో, మూడో వరుసలో కూర్చుని 'నా సంగతి ఎత్తావో, చూడు' అని కళ్ళతోనే బెదిరిస్తోంది. ఎత్తుతున్నానమ్మా, తప్పదు. ఆ గదిలో చేరాక ఇంటికి తాళం వేసి మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూడటం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న 'నేను ఊపిరి పీలుస్తున్నానో లేదో కూడా చూస్తూ ఉండు తల్లీ' అని వెక్కిరించారు. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నిజంగానే వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. (నవ్వులు)

పోయిన నెల తనని నిజం కేబిన్‌కి పంపారు. దీపం వెలిగింది, తను సిగ్నల్ ఇవ్వలేదు. 'ఎవరైనా వెళ్ళి పాయింటు చూసి రండి' అంది. కిక్కిరిసిన రైలు స్టేషను బయట ఆగిపోయింది. వానలో ఒక మనిషి నడుచుకుంటూ వెళ్ళి చూసొచ్చాడు. నాలుక ఆనే ఉంది. కేబిన్ పెద్దాయన 'ఏమ్మా, రైళ్ళు నడపడానికొచ్చావా, ఆపడానికొచ్చావా? ఇంకోసారి ఊరికే ఆపితే ఈ కుర్చీ నీది కాదు' అన్నారట. సాయంత్రం కంచం ముందు కూర్చుని నన్ను అడిగింది: 'అమ్మా, దీపం కనపడింది. నమ్మబుద్ధి కాలేదు. ఇది జాగ్రత్తేనా, నాకేమైనా అయిందా?' జాగ్రత్తేలే, తిను అన్నాను. ఆ మాట చెప్పిన నాకే దాని మీద నమ్మకం నిలవలేదు. ఎందుకంటే ఊరికే ఆపితే కుర్చీ పోతుంది. ఆపాల్సిన రోజున ఆపకపోతే... ఆ వాక్యం పూర్తి చేసే ధైర్యం నాకు లేదు.

సోమవారం నుంచి మాస్టారి గది నాది. అప్పగింతల కోసం పోయిన వారం నన్ను పిలిచారు. నేను టేబులు కిందికి దూరాను, ఆయన స్టూలు వేసుకొని పక్కన కూర్చున్నారు. 'ఏ రోజు ఏ తీగ ఊడదీయాలో ఎలా ఎంచుకుంటారు మాస్టారూ?' అని కింద నుంచే అడిగాను. టార్చి వేసి చూస్తే స్క్రూల మీద సాలెగూళ్ళు.

'వీటినెవరూ ఈమధ్య ముట్టుకున్నట్టు లేదే!'

'మోకాళ్ళు పోయాయమ్మా,' అన్నారు. 'కిందికి దూరి రెండేళ్ళు దాటింది. తలుపేసుకొని కాసేపు ఈ స్టూలు మీద కూర్చుని బయటికొచ్చేస్తున్నాను.'

'మరి పిల్లలు రోజూ వెతుకుతున్నారు కదండీ!'

'వెతుకుతున్నారు. వాళ్ళకి దొరుకుతోంది కూడా.'

(నవ్వులు) నవ్వండి, నాకూ ముందు నవ్వే వచ్చింది. తర్వాత లెక్క వేసుకున్నాను. మా అమ్మాయి బ్యాచ్ మొత్తం ఏ తీగా ఊడని టేబులు మీద చదువుకుంది. అయినా రోజూ ఇంటికొచ్చి, 'ఇవాళ టేబులు చివరి పాయింటు సగమే ఆనిందమ్మా, నేనే పట్టుకున్నాను' అని చెప్పేది. ఏం పట్టుకున్నట్టు? ఎందుకు చెప్పలేదు మాస్టారూ అని అడిగితే, 'మొదట సిగ్గు. తర్వాత భయం. తెలిస్తే చూడటం మానేస్తారేమోనని' అన్నారు. అంటే ఆయన కూడా భయపడుతూనే ఆ స్టూలు మీద కూర్చున్నారన్నమాట. ఈ సంగతి సభలో చెప్పమన్నది ఆయనే, తన నోట రాదని. చెప్పనా అని రెండుసార్లు అడిగాకే చెబుతున్నాను. అక్కయ్యగారికి మాత్రం ప్యాంట్లను బట్టి ఎప్పుడో తెలిసిపోయింది, తల ఊపుతున్నారు చూడండి. (నవ్వులు)

మా అమ్మాయి నవ్వడం లేదు. అమ్మా, ఇంట్లో చెప్పకుండా పదిమందిలో చెప్పానని కోపం తెచ్చుకోకు. చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ నువ్వు తాళం చూసి రావడానికి లేచావు.

మాస్టారూ, మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు కూర్చున్న ఏ కేబిన్‌లోనూ ప్రమాదం జరిగిందని నేను వినలేదు. అది మీరు పెట్టిన భయం వల్లనా, అదృష్టమా, యంత్రాలు మంచివా, నాకు తెలియదు. తెలియదు కనుకే మీరు కట్టినదాన్ని కదిలిద్దామని స్క్రూడ్రైవరు తీసి, మళ్ళీ సొరుగులో పెట్టేస్తున్నాను. మీ మోకాళ్ళకు ఇకనైనా విశ్రాంతి దొరకాలని మా అందరి కోరిక. ఈ సభ ఏర్పాటు చేసినవాళ్ళకు, ఇంతసేపు ఓపిక పట్టిన మీకు కృతజ్ఞతలు.

సోమవారం కొత్త బ్యాచ్ వస్తుంది. నేను తలుపేసుకొని తీగ ఊడదీస్తానో, ఊడదీసినట్టు నటిస్తానో, దీపాలను పాయింట్లకే కలిపి 'నమ్మండర్రా' అంటానో ఇంకా తేల్చుకోలేదు. అంతకంటే ముందు, ఆ ఉదయమే మా అమ్మాయి మొదటిసారి ఒంటరి డ్యూటీకి బయల్దేరుతూ, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, 'దీపాన్ని నమ్మమంటావా అమ్మా?' అని అడుగుతుంది. అడుగుతుందని నాకు తెలుసు.

సెలవు.