చంటిపిల్లల్ని పంపేయమన్న రోజు

"అమ్మమ్మా, ట్రైనింగ్ కాలేజీలో లెక్చరర్‌గా ఉన్నప్పుడు నిన్ను విజయవాడ నుంచి ఎందుకు ట్రాన్స్‌ఫర్ చేశారు?"

ఎందుకేంటే, తగ్గలేదని! డెబ్బైల్లో మాట. మీ అమ్మ అప్పటికి పలక పట్టుకుందో లేదో... ఆఁ, పట్టుకుంది, పట్టుకుంది. మేము చిన్న బడి టీచర్లని తయారుచేసేవాళ్లమా, డిగ్రీ కాలేజీ వాళ్లు "అ ఆల మేడమ్ వచ్చింది" అని నవ్వేవాళ్లు. నవ్వనీ. అసలు గొడవ అది కాదులే, పరీక్ష పాఠం దగ్గరొచ్చింది.

అంటే ఏంటంటే, ట్రైనింగ్ అయ్యేముందు ఒక్కో అమ్మాయీ ఏదో బడికెళ్లి బయట్నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు పాఠం చెప్పాలి. అది పోయిందా, ఉద్యోగం లేదు. మరి ఆ రోజు బళ్లలో ఏం చేసేవాళ్లో తెలుసా? చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చే ఆడపిల్లల్ని ఇళ్లకి పంపేసేవాళ్లు. క్లాసంతా ఫొటోకి కూర్చున్నట్టు ఉండాలట! మాకు పడింది ఉయ్యూరు దగ్గర బడి. మినప చేలు పీకే రోజులు, తల్లులంతా చేలల్లోనే. తమ్ముణ్ణి చంకనేసుకుని రాకపోతే ఆ పిల్ల అసలు బడికే రాదు కదే. నేను ఎవర్నీ పంపనన్నాను.

మా దగ్గర ట్రైనింగ్ అవుతున్న రత్నకుమారి పాఠం మొదలెట్టింది. కూలికెళ్లే వాళ్ల పిల్ల, ఆ ఇంట్లో మొదటి చదువు దానిదే. తీసివేతలు చెబుతోంది. మధ్యలో ఓ చంటాడు గుక్కపట్టాడు. ఇదేం చేసిందనుకున్నావు? వాణ్ణి చంకనేసుకుని బోర్డు మీద లెక్క వేస్తూనే ఉంది! వాడు సుద్దముక్క నోట్లో పెట్టుకోబోతే లాగేసింది కూడా. వాళ్లక్కేమో నిశ్చింతగా పలక మీద లెక్క చేసుకుంది. నాకైతే ఒళ్లు పులకరించిందే.

ఎగ్జామినర్ గారు మాత్రం, "ఇది పాఠమా, పిల్లల్ని ఆడించడమా మేడమ్? ఫెయిల్ చేస్తున్నా" అన్నారు.

"ఆ పసివాణ్ణి పంపిస్తే అక్కా పోతుందండీ. అక్క పోయాక పాఠం ఎవరికి చెప్పమంటారు, గోడలకా?" అన్నా.

మార్కుల కింద మా ఇద్దరి సంతకాలూ ఉండాలి. నేను పెట్టనన్నాను. ఆయన ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది, ఆ తరవాతదీ వెళ్లిపోయింది. నేను కుర్చీలోంచి లేవలా. చివరికి విసుక్కుంటూ అత్తెసరు మార్కులేసి పాస్ చేశారు. రత్నకుమారికి ఉద్యోగం వచ్చింది. నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది!

మీ తాతయ్య "కాస్త ప్రార్థన చేసుకో, తగ్గు" అన్నారు. చేసుకున్నా. తగ్గలా. మరుసటేడు కొత్త ఊళ్లో పరీక్ష రోజున నేనే బడి గుమ్మంలో నిలబడి, వెనక్కి తిరిగిపోతున్న ఓ పిల్లని "తమ్ముడు ఉంటే ఏంటమ్మా, లోపలికి రా" అని పిలిచా. అక్కడి ఎగ్జామినర్ చూస్తూనే ఉన్నాడు. చూడనీ.

ఇప్పుడు నువ్వూ ఆ పనిలోనే చేరావు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ. నీకూ ఎవరో ఒకరు, పరీక్ష రోజు ఫలానా పిల్లని బయటికి పంపెయ్యమంటారు చూడు... పంపకు. మహా అయితే ఏం చేస్తారే, బదిలీ చేస్తారు. అంతేగా... అక్కడా బడి ఉంటుంది, పిల్లలుంటారు...