గేటు కెమెరా

అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారి మాణిక్యాలరావు పొద్దున్నే మండపేట వెళ్ళాడు. కొట్లో సీసీ కెమెరాల రికార్డరు విప్పుకుని మెకానిక్ ప్రవీణ్ కుమార్ నేల మీద కూర్చున్నాడు. మాణిక్యాలరావు భార్య సీతారత్నం గుమ్మంలో నిలబడి అతని చేతులే చూస్తోంది.

"అయితే పాత డిస్కు తీసేస్తే అందులో ఉన్నదంతా పోయినట్టేనా?"

"పోదండి పిన్నిగారూ. దాన్లోది దాన్లోనే ఉంటుందండి."

"ఉంటుందా."

"ఆయ్. ఇన్నాళ్ళూ డిస్కు చిన్నది కాబట్టి వారం తిరిగేసరికి పాతదంతా చెరిగిపోయేదండి. ఈ కొత్తదాన్లో రెండు నెలలు నిలబడుతుందండి."

"రెండు నెలలా. ఎందుకు బాబూ అంత? రాశి పోసిన కాయలు. కదలవు, మెదలవు. ఏం చూస్తారు వాటిని?"

"బాబాయిగారు వెయ్యమన్నారండి."

"కాయలు తగ్గుతున్నాయన్నారా?"

"కాయల మాటేం అనలేదండి."

"అనరు. మనసులో పెట్టుకుంటారు. ఆ నిచ్చెనెందుకు? డబ్బా కిందే ఉందిగా."

"చిన్న పనుందండి."

"టీ తాగుతావా?"

"ఇందాకే ఇచ్చేరండి."

"ఆ పాతది ఇలా ఇయ్యి."

"బాబాయిగారి చేతికే ఇమ్మన్నారండి."

"ఎవరి చేతికైతే ఏంలే. అది నీళ్ళలో పడితే పాడైపోతుందా?"

"ఏ నీళ్ళండి?"

"ఏవో. కాలవ నీళ్ళు."

"పాడైపోతుందండి. పిన్నిగారూ, ఏమైందండి?"

"ఏమీ అవలేదు. శుక్రవారం శుక్రవారం మా వదిన వస్తుంది. ఆయన సొంత అక్క. లంక తోట పంపకాల్లో మాటా మాటా అనుకున్నారు. అప్పట్నుంచీ ఆవిడ పేరెత్తితే ఈయన కంచం ముందు నుంచి లేచిపోతారు. ఆ రోజు ఆయన ఊళ్ళో ఉండరు. గేటు దగ్గరికొస్తే, నేనో సంచిలో కాయలు వేసిస్తాను. అంతే."

"అంతేనాండి."

"అంతేనా అంటావేంటి? ఈయన అది చూసి ఓ మాటంటే ఆవిడ మళ్ళీ ఈ గడప తొక్కదు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. ఇన్నాళ్ళూ వారానికి చెరిగిపోయేది కాబట్టి బతికిపోయేను. పైగా తగ్గిన కాయలు మా కాయలు వలిచే యేసురత్నం మీద పెడితే? నన్ను అరిస్తే పడతాను. అది మాత్రం చూస్తూ ఊరుకోలేను. ఇలా ఇయ్యి."

"ఇవ్వలేనండి."

"చెడిపోయిందని చెప్పు. నీకేం పోయింది?"

"ఒప్పుకోరండి. వారం వారం సెల్లులో ఆయన చూస్తూనే ఉన్నారండి."

"ఏం చూస్తారు?"

"మీకు చెప్పొద్దన్నారండి."

"ప్రవీణూ."

"గేటు కెమెరాయేనండి. కాయల వైపుది అసలు తెరవరు. వారానికే చెరిగిపోతోంది, నాకది ఉండాలబ్బాయ్ అని, దానికోసమే పెద్దది వేయించుకుంటున్నారండి."

"గేటా?"

"ఆయ్. శుక్రవారాలు."

"మరి... మరి ఆ నిచ్చెన?"

"కెమెరా కొంచెం పక్కకి తిప్పాలండి. కాయలిచ్చేటప్పుడు మీరు అడ్డంగా నిలబడుతున్నారంట. వాళ్ళక్కగారి మొహం పడట్లేదంట."