ఎనిమిదో నెల కోటు

ఈ మూడో వాక్యం ఎవరు రాశారర్రా? నువ్వేనా లారిస్సా? "మా అమ్మమ్మ స్టెఫానియా ఎంత తెలివైనదంటే, సినిమాలో తన పొట్ట పెరుగుతూ తరుగుతూ ఉండే హాస్యాన్ని ముందే ఆలోచించి పెట్టుకుంది." బాగుంది. తప్పుల్లేవు. దస్తూరీ కూడా కుదురుగా ఉంది. కానీ శనివారం ఆ సినిమా వేసే ముందు, లైబ్రరీ హాల్లో అంతమంది ఎదుట నిలబడి నువ్వు ఇది చదువుతావు చూడూ, అక్కడొచ్చింది నాకు చిక్కు.

ఒరే డానిలో, ఆ పెరోగీ కుడుముల పళ్ళెం తీసుకుని బల్ల దగ్గరికి రా. కోటు పక్కన కూర్చుని తినకు. దాని మీద మీగడ పడిందంటే శనివారం అద్దాల పెట్టెలో కోటుతోపాటు నిన్నూ పెట్టాల్సొస్తుంది.

కూర్చున్నారా? సరే. మొదటినుంచీ చెబుతాను. మధ్యలో చేతులెత్తకండి, ప్రశ్నలు చివర్లో.

నా మొదటి వేషం ఏమిటో తెలుసా? ఆవు. పూర్తి ఆవు కూడా కాదు, వెనక సగం. ఈ విన్నిపెగ్‌లోనే, మన చర్చి కింది హాల్లో, క్రిస్మస్ నాటకం. ముందు సగం ఒక్సానా. అది ఎడమకి తిరిగితే నేను కుడికి తిరిగాను. ఆవు రెండైంది. బాలయేసు వేషం వేసిన పసివాడు తప్ప హాలంతా నవ్వింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆ నవ్వు చెవిలో పడిందంటే ఇక బయటికి పోదర్రా, నీళ్ళు పోయినట్టే.

ఆ తర్వాత చెప్పుల కొట్టు మేడ మీద ఒక హాస్య బృందంలో చేరాను. ఏం వెయ్యలేదు చెప్పండి? సన్యాసిని వేశాను, బస్సు డ్రైవర్ వేశాను, మంచు తోసే పార ప్రకటనలో పార పక్కన నిలబడ్డాను. రేడియోలో ఒకే నాటకంలో ఏడు గొంతులు, అందులో ఒకటి మరిగే కెటిల్‌ది. శవం వేషం మూడుసార్లు. మూడోసారి తుమ్మాను. పేపర్లో "ఏ పాత్రలోనైనా ఇమిడిపోయే నటి" అని రాశారు. అంటే ఏమిటో తెలుసా? ఏ పాత్ర మిగిలినా నాకే ఇస్తారని.

మరి తిండో? బడే పెట్టింది. సెలవు పెట్టిన టీచర్ల క్లాసులకి వెళ్ళేదాన్ని. భిన్నాలు చెబుతూ చెబుతూ మిగతా సంవత్సరాలన్నీ అక్కడే గడిపేశాను.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. శ్రద్ధగా వినండి. ఆ మేడ మీద మాకు ఒకే నియమం. మాటలు ముందు రాసుకోం కదా, వేదిక మీద పక్కవాడు ఏమన్నా కాదనకూడదు. "నీ తల మీద కోడి ఉంది" అన్నాడనుకో, ఔననాలి. ఔనని ఊరుకోకూడదు, "నిన్న గుడ్డు కూడా పెట్టింది" అని పైన ఒకటి కలపాలి. కాదన్నావా, ఆట చచ్చిపోతుంది. ఎనిమిదేళ్ళు రోజూ అదే సాధన. ఇంట్లో కూడా మీ తాత "ఉప్పెక్కువైంది" అంటే "ఔను, రేపు ఇంకాస్త వేస్తాను" అనేదాన్ని.

గుర్తుపెట్టుకున్నారుగా? ముందుకి పోదాం.

నాకు ముప్ఫై నిండేసరికి ఒక కోరిక పుట్టింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, హాల్లో నన్ను చూసి ఎవరూ నవ్వకూడదు. అందుకని నేనే సినిమా తీశాను. కథ నాది కాదు, మా అమ్మది. మా నాన్న ధాన్యం గిడ్డంగిలో పైనుంచి పడ్డాడు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. మూడు రోజులూ అమ్మ బీట్‌రూట్ బోర్ష్ చారు డబ్బా పట్టుకుని వంతెన మీదుగా మంచులో నడిచి వెళ్ళింది. మూడో రోజు వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడిచేసి ఉంది. అంతే కథ.

అమ్మ వేషం నేను వేశాను. అమ్మ తన కోటు ఇచ్చింది. ఆ మూడు రోజులూ వేసుకున్న కోటే. ఇదిగో, ఇదే. ఇచ్చేటప్పుడు ఒకటే అంది: "మీ నాన్నని బాగా చూపించవే."

కెమెరా మీ తాత ఓరెస్ట్. వారమంతా రైల్వే యార్డులో పని, ఆదివారాలు షూటింగ్. ఫిల్ము టీవీ వాళ్ళు వాడగా మిగిలిన ముక్కలు. వంతెన మీద నడక జనవరిలో తీశాం. రెండో రోజు నడకకి ఫిల్ము చాలక, ఏప్రిల్‌లో మళ్ళీ మంచు పడితే పరిగెత్తుకెళ్ళి తీశాం. ఆస్పత్రి లోపలి భాగం మాత్రం జూలైలో. అప్పుడుగాని కాన్వెంటు వాళ్ళు ఆస్పత్రిలా చూపించుకోడానికి ఖాళీ గదులు ఇవ్వలేదు.

ఈలోగా ఏమైందంటే, మీ అమ్మ వచ్చింది. అంటే, కడుపులోకి.

లెక్క చేసి చెప్పు డానిలో. జనవరిలో రెండో నెల. జూలైలో? ఆఁ, ఎనిమిది. సినిమాలో జరిగేది ఎన్ని రోజులు? మూడు. ఇప్పుడర్థమైందా?

దాచడానికి నేను పడ్డ పాట్లు! చేతిలో సంచి అడ్డం పెట్టుకున్నాను. సంచి చాలక బుట్ట. బుట్ట చాలక మూటంత దుప్పటి. షూటింగ్ ఉన్న ప్రతి ఆదివారం కోటు గుండీలు ఊడబీకి ఓ అంగుళం పక్కకి కుట్టాను. జూలైలో ఉన్ని కోటు, లోపల నేను, నా లోపల మీ అమ్మ. మొహం మీద కారుతున్నవి కన్నీళ్ళని షూటింగ్ చూసినవాళ్ళనుకున్నారు. చెమటర్రా. మీ తాత "మెడ దాకానే తీస్తానులే స్టెఫా" అనేవాడు. అలాగే తియ్యనిచ్చి ఉండొచ్చు. కానీ నడవా అంతా నడుస్తూ కనిపించాల్సిందేనని పట్టుబట్టాను. అమ్మ నడిచింది కాబట్టి.

ఆ మరుసటేడు టొరంటోలో ఒక చిన్న సినిమా పండుగలో వేశారు. అమ్మని కూడా తీసుకెళ్ళాను. రెండో వరసలో నా పక్కనే కూర్చుంది. రెండో రోజు నడకలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. మూడో రోజు ఆస్పత్రి బయట సన్నగా ఉన్నదాన్ని తలుపు తోశాను. లోపలికి వచ్చేసరికి ఇంత పొట్ట. హాలు పేలిపోయింది. ఎదురుగా ఖాళీ మంచం. జనం కుర్చీల మీద పడి పడి నవ్వుతున్నారు.

అమ్మ వైపు చూడలేదు నేను. చూడలేకపోయాను.

ఇంతకీ ఉత్తమ హాస్యచిత్రం అని బహుమతి ఇచ్చారు. వేదిక మీదికి పిలిచారు. ఆ పిలిచినాయన మైకు నా నోటి దగ్గర పెట్టి, "ఈ పొట్ట ఆలోచన మీదేనా? అంతా ముందే అనుకున్నారా?" అన్నాడు.

ఏమన్నానో చెప్పండి. నియమం గుర్తుందిగా?

"ఔను," అన్నాను. ఊరుకోకుండా పైన ఒకటి కలిపాను. "బిడ్డని కూడా ఈ పాత్ర కోసమే కన్నాం." చప్పట్లు. మీ అమ్మ ఇప్పటికీ పార్టీల్లో పుట్టకముందే నటించానని చెప్పుకుంటుందే, అక్కడ పుట్టిందా మాట.

నవ్వకు లారిస్సా. సరే, నవ్వు. నవ్వొచ్చేదే మరి.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. అమ్మా, నేనూ, అంతే. మైకు లేదు, జనం లేరు. అమ్మ అడిగింది: "స్టెఫా, నిజంగా కావాలనే చేశావా?"

కాదమ్మా, దాచాలని చూశాను, దాచలేకపోయాను. అంతేగా చెప్పాల్సింది? భిన్నాల కన్నా తేలిక. కానీ ఏడిపించాలని తీశాను, నా వల్ల కాలేదు అని ఒప్పుకోవడానికి ప్రాణం పోయింది. అమ్మ ముందు రాతిగుండెదాన్నైపోవడానికి సిద్ధపడ్డాను గాని, చేతకానిదాన్ని కావడానికి ఒప్పుకోలేదు.

"ఔనమ్మా," అన్నాను. ఆ ఒక్కసారీ పైన ఏమీ కలపలేదు.

అమ్మ తల ఊపింది. "బాగానే నవ్వించావు," అంది. బస్సొచ్చింది. ఇంటికొచ్చాక కోటు తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకో, నాకింక వద్దు," అంది. ఇంకో పదకొండేళ్ళు బతికింది. నేను ఇంకో నాలుగు సినిమాలు తీశాను, అన్నీ హాస్యాలే. ఒక్కదానికీ రాలేదు. నేను పిలవనూ లేదనుకోండి.

ఏమిటీ? మీ అమ్మకి తెలుసా అనా? తెలియదు. శుక్రవారం భోజనానికి వస్తుందిగా, నేనే చెబుతాను. మీరు ముందే వాగకండి.

ఆ మూడో వాక్యం కొట్టెయ్ తల్లీ. బదులేం రాయాలో నేను చెప్పను, విన్నావుగా. తర్వాత తప్పులు మాత్రం దిద్దుతాను.

ఇప్పుడు ఆ కోటు ఇలా తే. వెలుతురులో పట్టుకో. గుండీల పక్కన, వరసగా, చిన్న చిన్న సూది గుర్తులు కనిపిస్తున్నాయా? జనవరి, ఏప్రిల్, జూలై. కావాలని పొట్ట చూపించేది గుండీలు ఇన్నిసార్లు ఎందుకు జరుపుతుంది? పెట్టె అద్దంలోంచి చూసిన ఏ దర్జీ అయినా పట్టేస్తాడు. అందుకే పొద్దుట్నుంచీ కూర్చుని అదే రంగు ఉన్నిదారంతో ఒక్కొక్కటే కనబడకుండా పూడుస్తున్నాను. జూలైవి అయిపోయాయి. ఏప్రిల్‌వి సగం.

ఆ చిన్న కత్తెర ఇలా ఇవ్వు డానిలో. చేతులు కడుక్కుని ఇవ్వు. నేను కిటికీ దగ్గర కూర్చుంటాను, పొద్దు వాలేలోగా నేను పూడ్చిన ఆ దారాలన్నీ విప్పెయ్యాలి.