మోకాళ్ళ మీద నెపం

బతుకుతెరువుకు వలస వచ్చిన పల్సానాలోని ఇంట్లో ఆదివారం పొద్దున్నే కూతురు కచ్ ఎడారి లోయ పటాన్ని చాప మీద పరిచింది. ముప్పై ఏళ్ళుగా మరమగ్గం నడుపుతున్న తండ్రి ఎదురుగా కూర్చుని ఆమె పెదాలనే చూస్తున్నాడు.

"బాపూ, నా దోస్తులతోని ఆరింటికి దిగుడు మొదలుపెడితె ఎండ ముదరకముందే అడుగుకు చేరుతం. మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు."

"నేను రాను బిడ్డా. అంత నిటారుగ దిగాలంటె ముందుగాల నా మోకాళ్ళకు మొక్కాలె."

"నిన్న మూడో అంతస్తుకు గ్యాస్ బండ మోసినవ్ గద."

"అది మీదికి ఎక్కుడు. ఈ మోకాళ్ళు కిందికి ఒప్పుకోవు."

కూతురు నవ్వలేదు. గోడ వైపు తిరిగి సంచి సర్దుకుంది. అతను పటంలోని గీతలు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆమె వచ్చి మళ్ళీ ఎదురుగా కూర్చుంది.

"అటు తిరిగి మూడుసార్లు పిలిచిన బాపూ. నీకు ఇనబడలే."

అతను సిగ్గుతో తల దించుకున్నాడు. దించుకుంటే ఆమె పెదాలు కనబడవని గుర్తొచ్చి, మళ్ళీ ఎత్తాల్సి వచ్చింది.

"ఎన్నేండ్ల సంది బాపూ?"

"నాలుగు. ఆడ ఒకరెనుక ఒకరు నడవాలె. రాయి జారుతుందని ఎనుక నుంచి అరుస్తరు, నేను అట్లనే పోత. నీ దోస్తుల ముంగట నీ ఇజ్జత్ పోతది."

"మగ్గాల చప్పుడుల మీరు చేతులతోనే మాట్లాడుకుంటరు గద. ఆగు అనే సైగ ఎట్ల?"

అతను మెల్లగా పిడికిలి ఎత్తాడు.

"నీ ముంగట నేను నడుస్త. నా చెయ్యి చూసుకుంట రా. రమ్మనేది గిట్లనేనా?" అని కూతురు వేళ్ళు ఆడించింది.

"గట్ల కాదు బిడ్డా," అంటూ ఆమె వేళ్ళు సరిచేశాడు.