అవతలి ఒడ్డు ఆమె నాలుక

మీ నాయనమ్మ ఎట్లా ఉండేదంటే ఏం చెప్పనే తల్లీ. ఆ గడప దగ్గర గాలి కొడుతుంది, ఇటొచ్చి కూర్చో. పొట్టి మనిషి, నడక మాత్రం జోరు. రుయ్‌లాన్ వస్తోందంటే వీధి మొదట్లోనే చెప్పుల చప్పుడు వినపడేది. అప్పుడూ నాది ఈ టోఫూ కొట్టే. పక్కన మీ ముత్తాత మందుల కొట్టు. ఔయాంగ్ వైద్యుడంటే గాన్ నదికి ఇటూ అటూ తెలియనివాళ్ళు లేరు. నాడి ఎంతసేపు పట్టుకునేవాడో నాలుకా అంతసేపు చూసేవాడు. అట్లాంటి మనిషికి అరవై రెండో ఏట రెండు కళ్ళూ పోయాయి. ఏడాదిపాటు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన్ని మళ్ళీ ఇటు తిప్పింది మీ నాయనమ్మే. "మామయ్యా, నాడికి మీ వేళ్ళున్నాయిగా, నాలుక నేను చూసి చెప్తాను" అంది. చెప్పడం కూడా ఎట్లా! తెల్లగా ఉంది అనేది కాదు, "రెండోసారి బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది మామయ్యా" అనేది. ఆయన కళ్ళారా చూసినట్టే తలూపేవాడు. మీ తాతేమో సరుకు పడవల మీద తిరుగుతూ నెలకోసారి వచ్చేవాడు. మీ నాన్న బళ్ళో రెండో తరగతి, ఎప్పుడూ ముక్కు కారుతూ ఉండేది, నవ్వకు.

ఏం చెప్తున్నాను? ఆఁ, ఆ చలికాలం. నా గిన్నె తెచ్చుకుందామని వాళ్ళ వెనకింట్లోకి వెళ్ళాను. కిటికీ వెలుగులో అద్దం పట్టుకుని, నాలుక బయటపెట్టి నిలబడి ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడింది. కాళ్ళు చూద్దునుగదా, మేజోళ్ళ అంచు కండలోకి ఇంత లోతు దిగిపోయి ఉంది. ఏమిటే ఇది అంటే, ఎవరికీ చెప్పకు అక్కా అని చేతులు పట్టుకుంది. రెండు కొట్లకీ మధ్య చెక్కగోడే కదా, ఆ సాయంత్రం రోగులంతా వెళ్ళాక ఆయనతో అంటోంది: అవతలి ఒడ్డు నుంచి ఒకామె వచ్చిందట, ఇంట్లోవాళ్ళకి తెలియకూడదట, నాలుక పాలిపోయి ఉబ్బిందట, అంచులంతా పళ్ళ గాట్లట, నాలుక మొదలు దగ్గర బూడిదరంగు పాచి తడితడిగా పేరుకుందట. ఆయన అడుగుతున్నాడు, మూత్రంలో నురగ పోతోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది అని. ఈవిడ తడుముకోకుండా చెప్పేస్తోంది. టోఫూ కోస్తున్న కత్తి పక్కన పెట్టి గోడకి చెవి ఆనించాను. చివరికి ఆయన, "ఇది మూత్రపిండాల జబ్బు రుయ్‌లాన్, ఇవాళ్టిది కాదు. ఎంత పాడయ్యాయో నాలుక చెప్పదు. జిల్లా ఆస్పత్రికి పోయి రక్తం చూపించుకోమను, రేపే" అన్నాడు. అట్లాగే మామయ్యా అంది.

వెళ్తేగా! నేను పోరాను. నన్ను ఆస్పత్రిలో పడుకోబెడితే ఆయన మళ్ళీ గోడవైపు తిరుగుతాడక్కా, చలి తగ్గనీ, మీ మరిది పడవ రానీ, అంటూ నెట్టుకొచ్చింది. మీ ముత్తాత నాలుగురోజులకోసారి అడిగేవాడు, ఆ అవతలి ఒడ్డామె వెళ్ళిందా అని. ఆవిడకి పనులున్నాయట అనేది ఈవిడ. దాని ఇంట్లో మనుషులకి కళ్ళు లేవా అని ఆయన విసుక్కునేవాడు. ఇవన్నీ ఇవతల నేను వింటూనే ఉన్నాను. చెప్పేద్దామని రోజూ లేచేదాన్ని, ఆ గుమ్మం దాకా వెళ్ళేదాన్ని, మాటిచ్చానే అని వెనక్కొచ్చేదాన్ని. రెండు నెలలు.

ఆ తర్వాత ఒకనాడు, ఎవరో రైతు నాలుక చూసి చెప్పడానికి ఆయన పక్కకి వంగింది. ఊపిరి తగిలింది. మూత్రపు వాసన. కళ్ళు పోయాయిగానీ ముక్కు పోలేదుగా. ఆగు నాయనా అని ఆ రైతుకి చెప్పి, కోడలి చెయ్యి అడిగాడు. అన్నేళ్ళలో ఏనాడూ ఆమె నాడి చూసినవాడు కాదు. చాలాసేపు పట్టుకుని, "అవతలి ఒడ్డున ఎవరూ లేరు కదూ" అన్నాడు. అంతే. కొట్టు మూసి, ఆ గుడ్డాయనే పడవెక్కించి జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. రెండు మూత్రపిండాలూ ఎండిపోయాయన్నారు. ముందే వస్తే కొన్నేళ్ళు నిలబెట్టేవాళ్ళమేమో అన్నారట. వేసవి వానలు మొదలవకముందే పోయింది.

ఆమె పోయిన మూడో వారంలో ఆయన గోడ తడుముకుంటూ నా కొట్లోకి వచ్చాడు. నా చెయ్యి అందుకున్నాడు. అలవాటేమో, మూడు వేళ్ళూ సరిగ్గా నాడి మీదే పడ్డాయి. "నీకు తెలుసా?" అన్నాడు. తెలియదు బాబాయిగారూ అన్నాను. ఆయన వెంటనే వదల్లేదు. అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. నా గుండె చేస్తున్న గోల నాకే వినపడుతోంది. తర్వాత ఒక్కో వేలూ తీసేశాడు.

...ఇటివ్వు ఆ కప్పు, టీ చల్లారిపోయింది. వేడినీళ్ళు పోస్తాను.