మలావీ వంటింట్ల ఆరు నెలలు

“మామ్మగారూ, మీరు ఆఫ్రికాలో ఉండొచ్చారట కదా? కింద వాచ్‌మన్ గారి భార్య చెప్పింది. నిజమేనా?”

నిజమే బిడ్డా. నవ్వుతవేంది? నన్ను చూస్తె ఎల్‌బీ నగర్‌ల మెట్రో ఎక్కుడే కష్టం అనిపిస్తదా? కూసో. జర ఆ ఫ్యాన్ పెంచు. పైన రూంల ఉండి సదువుకునే మీ గుంటూరోళ్లు నయం, ముంగట అడుగుతరు. మావోళ్లయితె ఎనకనే అనుకుంటరు.

మలావీ అని దేశం. కరోనా తగ్గినంక పోయిన. మా ఆయన చనిపోయి అప్పటికి ఏడాది... కాదు, ఏడాదిన్నర. నేను గూడ రిటైరయి ఇంట్లనే ఉన్న. సైదాబాద్‌ల ఆడపిల్లల హాస్టల్ ఉండె, అండ్ల ఇరవై ఆరేండ్లు వంట చేసిన. నూట యాభై మందికి! నేను చేరినప్పుడు టమాట కిలో రెండు రూపాయలుండె, దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్‌ల గంపలకు గంపలు పారబోసేటోళ్లు. ఇప్పుడు రెండు రూపాయలకు తొడిమ గూడ రాదు. సరె, ఆ ముచ్చట ఇడువు.

మా చర్చిల ఒక డాక్టరమ్మ ఉంటది. ఆమె, ఆమె పెనిమిటి కలిసి మలావీల ఒక చర్చి దవాఖానల ఆరు నెలలు ఊరికెనే సేవ చేస్తమని బయల్దేరిన్రు. ఆదివారం పాస్టరయ్య అడిగిండు, “వాళ్లకు వంట తోడు ఎవరన్న పోతరా?” అని. నా చెయ్యి లేసింది. నేనే లేపిన్నో, దేవుడే లేపిండో! మా చెల్లె బడంగ్‌పేట్‌ల ఉంటది గద, గామె ఒకటే తిట్టుడు. “ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు, ఏడికి పోతవే ఈ వయసుల?” అని. “కూరగాయలు కొయ్యనీకి ఇంగ్లీష్ ఎందుకే?” అన్న.

దిగిన దినమే అందరు నన్ను “అమాయి, అమాయి” అని పిలువబట్టిన్రు. అరవై రెండేండ్ల ముసల్దాన్ని అమ్మాయి అంటరేందని నాకు ఒకటే నవ్వు. పోయి అద్దంల గూడ చూస్కున్న! తర్వాత డాక్టరమ్మ చెప్పింది, వాళ్ల భాషల గట్లంటె అమ్మ అనంట.

పేరు మంచిగనె పెట్టిన్రు గని, పని లేదు బిడ్డా. డాక్టరమ్మోళ్లు పొద్దుగాల బ్రెడ్డు, మాపటికి ఇంత అన్నం పప్పు తింటరు. అరగంట పని. అసలు వంట చర్చి ఎనక జరిగేది. రోగుల ఎంబడి ఒచ్చినోళ్లకు రోజు వంద మందికి వండేది. ఆ వంటింటి పెత్తనం గ్రేస్ అనే ఆమెది. నా ఈడుదే, మనిషి ఇంత ఎత్తుంటది. నేను ఉల్లిగడ్డ పట్టుకుంటె కత్తి గుంజుకునేది, ఊడ్వబోతె చీపురు తీస్కునేది. మాట లేదు, నవ్వు లేదు. పదిహేను దినాలు గంతే, పొయ్యి ముట్టియ్యకముందే బయటికొచ్చేదాన్ని. వంటమనిషికి వంటింట్ల చోటు లేకపోతె ఎట్లుంటది చెప్పు? పానం తీసినట్టయింది. ఏడ్సుకుంట డాక్టరమ్మ దగ్గరికి పోయిన, “నన్ను ఇంటికి తోలున్రి” అన్న. “శుక్రవారం దాక ఓపిక పట్టు సుగుణమ్మా, టికెట్ మార్పిస్త” అన్నది.

గురువారం ఏమైందంటె, ఆ వంటింటి ముంగట నుంచి పోతున్న. గ్రేస్ గిన్నె మీద మూత తీసింది. వాసన కొట్టింది. మక్కపిండి! గటక! మీ దిక్కు సంకటి అంటరు గద, గసోంటిదే. మా నల్లగొండ దిక్కు నా చిన్నతనంల వరన్నం పండుగకే. మా అమ్మ దినాం గటకనే వండేది. పట్నం వొచ్చినంక ఆ మాట ఎవ్వరికి చెప్పలె నేను. హాస్టల్ పిల్లలు నవ్వుతరని సిగ్గు. గని ఆ దినం సిగ్గు యాడ పాయెనో! చేతులు కడుక్కొని పోయి ఆడోళ్ల నడుమ చాప మీద కూసున్న.

గ్రేస్ నా మొకం చూసుకుంటనే పల్లెంల ముద్ద పెట్టింది, పక్కన గుమ్మడాకు కూర. నేను ఇంత గటక తుంచి, ముద్ద చేసి, బొటనవేలుతోని గుంట పెట్టి, అండ్ల కూర అద్దుకొని నోట్ల పెట్టుకున్న. వాళ్లు గూడ గట్లనే తింటరు. గ్రేస్ ఒక్క కేక పెట్టి అందరిని పిలిచింది! “మా అమ్మ, మా అమ్మ” అనుకుంట తెడ్డు తిప్పినట్టు చెయ్యి తిప్పి చూపెట్టిన. అమ్మ అంటె ఆమెకు సమజయింది. లేసి, పొయ్యి మీదున్న ఇంకో పెద్ద గిన్నె చూపెట్టి, తెడ్డు తెచ్చి నా చేతుల పెట్టింది. వంద మంది గటక అంటె సిమెంట్ కలిపినట్టే, రెక్కలు గుంజుతున్నయ్. నేను ఇడువలె. ఆమె పాట అందుకుంది, ఆ పాట మీదనే తిప్పిన.

శుక్రవారం డాక్టరమ్మ ఒచ్చి “టికెట్ దొరికింది” అన్నది. “ఏం టికెట్?” అన్న నేను!

ఇగ చూస్కో. పొద్దుగాల బోరింగ్ కొట్టి నీళ్లు మోసుడు, ఆకులు తుంచుడు, పల్లీలు దంచుడు, ఒకటే పాటలు. ఒకసారి నేను కూరకు పోపు పెట్టిన. ఆవాలు చిటపటమనంగనె ఆడోళ్లు బయటికి ఉరికిన్రు! గ్రేస్ ఒక్కతే మూత అడ్డం పెట్టుకొని నిలబడ్డది. తిన్నంక మాత్రం మల్ల పెట్టు మల్ల పెట్టు అని సైగలు.

ఆఖరి ఆదివారం చర్చిల గ్రేస్ లేసి మాట్లాడింది. ఆమె మాటను అక్కడి పాస్టరు ఇంగ్లీష్ చేసిండు, దాన్ని డాక్టరమ్మ తెలుగు చేసింది. మూడు నోర్లు దాటి నా దగ్గరికొచ్చింది. ఏమన్నదంటె, “ఇరవై ఆరేండ్లు వండిన పెద్ద పట్నపామె ఒస్తున్నదన్నరు. నా వంట బాగలేదని ఆమెను తెప్పిస్తున్నరనుకున్న. నన్ను తీసేస్తరని భయపడ్డ. అందుకే కత్తి ఇయ్యలె, చీపురు ఇయ్యలె. అమాయి, నన్ను మాఫ్ చెయ్యి.”

చూడు బిడ్డా! ఆమెను చూసి నేను భయపడితి, నన్ను చూసి ఆమె భయపడె. పోయి గట్టిగ పట్టుకున్న. ఏడ్సినం, నవ్వినం. గంతట్ల ఎవరో డప్పు కొట్టిన్రు, చర్చి చర్చంత లేసి ఆడుడే. నేను గూడ ఆడిన, ఈ మోకాళ్లతోని!

ఇప్పటికి ఫోన్ చేస్తది. భాష యాడిది? వీడియోల ఆమె కూర ఆమె చూపెడ్తది, నా కూర నేను చూపెడ్త.

నీకు గూడ రేపు ఏ ఊర్లనో నౌకరీ ఒస్తది. ఎవ్వరన్న మొకం ముడుచుకుంటె పరేషాన్ గాకు బిడ్డా, వాళ్లకేం భయమున్నదో. దేవుడు నిన్ను సల్లగ చూడాలె, నీ పరీక్ష మంచిగ కావాలె, నువ్వు పోయిన కాడ నీకింత... ఆగాగు, ఏదో మాడు వాసనొస్తున్నది. పైన మీ రూంల పొయ్యి మీద ఏమన్న పెట్టొచ్చినవా? ఉరుకు బిడ్డా, ఉరుకు, పైలం మెట్లు...